తాకనిచ్చే బొమ్మ

 

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి, బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషు చేశారు. ఇది మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అదే ఏడాది శాంతినికేతన్‌లో ఠాగూర్ మొదలుపెట్టిన కళాశాల కళాభవన్ తొలి విద్యార్థుల్లో చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. ఆయనకు చిన్నప్పటి నుంచే ఒక కంటికి చూపు లేదు, రెండోదానికి అంతంతమాత్రం. యాభై దాటాక కంటి ఆపరేషన్ వికటించి అదీ పోయింది. ఆ తర్వాత రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, చేత్తో తడుముతూ బొమ్మలు చేశారు, 1972లో కళాభవన్ గోడ మీద పలకలతో పెద్ద కుడ్యచిత్రం చేశారు. ఆయన పట్టుదలను అందరూ పొగుడుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరొకటి. చూపు పోయాక కూడా ఆయనకు పాఠం చెప్పే ఉద్యోగం ఉంది, పనిచేసుకునే చోటుంది, సాయంపట్టే శిష్యులున్నారు. అవి దొరక్క ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళను వాళ్లకు అందుబాటులోకి తేవాలంటుంది, కళా కోర్సులను వాళ్లు చదవగలిగేలా మార్చాలనీ అంటుంది. కానీ మన బొమ్మల ప్రదర్శనలకు వెళితే గుమ్మంలో మూడు మెట్లు, లోపల 'తాకరాదు' బోర్డు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల ర్యాంపు కావాలి. ఆ లెక్క హాలు బుక్ చేసే రోజే చూసుకోవాలి.

కళ చదివి పట్టాలు అందుకుంటున్న మీరు, తాకనిచ్చే బొమ్మలు చేయండి. పుంగనూరు ఆవునే తీసుకోండి. మూడడుగుల ఎత్తుండే ఆ ఆవును పలమనేరు కుమ్మరులతో కలిసి టెర్రకోటలో, నిలువెత్తున చేయండి. వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లవాడి చేయి మూపురం దాకా అందుతుంది. చూపులేని పాప వంగిన కొమ్ములు తడిమి, గంగడోలు ముడతలు పట్టుకుని, నేలను తాకే తోక చివరిదాకా వెళుతుంది. చెవి అంచు గీసుకోకుండా గుండ్రంగా నునుపు చేయాలి. విరిగితే మళ్లీ మట్టితోనే కొత్తది చేసి అతికించుకోవచ్చు. ఫ్లెక్సీ మీద ముద్రించిన ఆవును తడిమితే ప్లాస్టిక్కే తగులుతుంది. ప్రదర్శన అయ్యాక అది కుప్పతొట్టికి పోతుంది.

ఒక్క జాగ్రత్త. పర్యావరణం పేరు చెప్పి అన్నిటినీ ఒకేలా నిషేధించకండి. 2022 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలను నిషేధించారు. చేతులు సహకరించని మనిషికి స్ట్రా ఉంటేనే మంచినీళ్లు గొంతు దిగుతాయి, కాగితపు స్ట్రా మధ్యలోనే మెత్తబడిపోతుంది. ఏది మానాలో తేల్చేటప్పుడు ఆ మనిషిని కూడా కూర్చోబెట్టుకుని అడగండి.

కుప్పంలోనో పుంగనూరులోనో మీ మొదటి ప్రదర్శన పెట్టేటప్పుడు, హాలు చూడ్డానికి వెళ్లే రోజే వీల్‌చెయిర్ వాడే ఒకరినీ, చూపులేని ఒకరినీ వెంటబెట్టుకెళ్లండి. వాళ్లకు దారిఖర్చులూ, ఆ రోజు కూలీ ఇవ్వండి.