ఓడిన జట్టుకే తొలి వరుస

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశమంటే డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇంతేనని ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. ఈ పూట కార్యవర్గం నాకు అప్పగించిన అంశం బాస్కెట్‌బాల్. డెబ్బై దాటిన గుమాస్తాకు బంతితో ఏం పని అని మీకు అనిపించవచ్చు. బంతితో పని లేకపోయినా వరుసక్రమంతో ఉంది. సీనియారిటీ జాబితాలు, రోస్టర్ రిజిస్టర్లు రాసిన చెయ్యి ఇది. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనుక అన్న తగవు ఎక్కడ లేచినా నా చెవి అటే పడుతుంది.

విషయం మీకు తెలిసిందే. వేసవి సెలవుల్లో మూడు ఊళ్ళ పిల్లలకు మన సంక్షేమ నిధి నుండి బాస్కెట్‌బాల్ నేర్పించాలని తీర్మానం చేశాం. ఒక్క శిక్షకుడు, ఆరు వారాలు. కిందటి ఏడు పిల్లల మధ్య జరిగిన ఆటల్లో మదనపల్లె గెలిచింది, పుంగనూరు రెండోది, కుప్పం ఆడిన రెండూ ఓడింది. ఇప్పుడు రెండు మాటలు వినవస్తున్నాయి. శిక్షకుణ్ణి ముందుగా మదనపల్లెకే పంపాలి, సభ్యులు ఎక్కువ, చందా ఎక్కువ, గెలిచిందీ మనవాళ్ళే అన్నది ఒకటి. పిల్లలకు నేర్పేదాకా ఎవరు ఆగుతారు, అదే డబ్బుతో బెంగళూరు నుండి ముగ్గురు ఆటగాళ్ళను తెప్పించుకుంటే పెద్ద పోటీలో కప్పు తెచ్చుకోవచ్చు కదా అన్నది రెండోది. రెంటికీ నా జవాబు మనవి చేసుకుంటాను. నేనూ మదనపల్లె శాఖ సభ్యుణ్ణేనని మరచిపోవద్దు.

ఈ ఆట పుట్టింది 1891లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో. చలికాలంలో గదిలో ఆడుకునే ఆట ఒకటి కావాలని జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీకి కట్టించి మొదలుపెట్టాడు. దక్షిణాదిలో ఆటపాటల చదువుకు పునాది వేసిన వారిలో హారీ బక్ ఒకరు. ఆయన 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించారు. అటువంటి చోట తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లే మన వైపు బడులకు ఈలా, బంతీ తెచ్చిపెట్టారు.

అమెరికాలో ఎన్.బి.ఎ. అని వృత్తి ఆటగాళ్ళ పోటీల వ్యవస్థ ఒకటి ఉంది. ఇప్పుడు అందులో 30 జట్లు. ఏటా కాలేజీల నుండి, ఇతర దేశాల నుండి కొత్త కుర్రవాళ్ళు వస్తారు. ఎవరికి ఇష్టమైన వాళ్ళను వాళ్ళు కొనుక్కోవచ్చు అంటే డబ్బున్న నాలుగు జట్లు మంచివాళ్ళందరినీ ఎగరేసుకుపోతాయి. మిగతావి ఏటా ఓడుతుంటే చూసేవాడు టికెట్టు కొనడం మానేస్తాడు. అందుకని 1947 నుండి డ్రాఫ్ట్ అనే పద్ధతి పెట్టుకున్నారు. దాని సారం ఏమిటంటే, బాగా ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, గెలిచినవాడు చివర నిలబడతాడు. మన రోస్టర్ పాయింటు వంటిదే అనుకోండి. వెనుకబడిన వాడికి ముందు చోటు ఇచ్చినందువల్లనే ఆట నిలుస్తుందని వ్యాపారం తెలిసిన ఆ దేశం వాళ్ళే ఒప్పుకున్నారు.

రూలు ఉన్నచోట దాన్ని వంచేవాడూ ఉంటాడు. ముందు వరుస దొరుకుతుందని కావాలని ఓడే జట్లు తయారయ్యాయి. దానికి విరుగుడుగా 1985లో లాటరీ పెట్టారు. అయినా ఆ జబ్బు పోలేదు. ఫిలడెల్ఫియా జట్టు ఏళ్ళ తరబడి భవిష్యత్తు పేరు చెప్పి ఓడుతూ వచ్చి, 2015-16లో 82 ఆటల్లో 10 మాత్రమే గెలిచింది. 2019 నుండి అట్టడుగు మూడు జట్లకూ తొలి వరుస అవకాశం సమానంగా నూటికి 14 వంతులే చేశారు. 2025లో నూటికి రెండు వంతులు కూడా అవకాశం లేని డల్లాస్‌కు తొలి వరుస తగిలింది. కాబట్టి ఓడిన వాడికి వరుస ఇవ్వాలి, ఓటమిని ఉద్యోగంగా చేసుకోనివ్వకూడదు. రెండూ గుర్తుంచుకోవాలి.

వరుస దొరికినంత మాత్రాన జట్టు నిలబడుతుందా? నిలబడదు. ఓక్లహోమా సిటీ జట్టు సంగతి చూడండి. 2019లో వాళ్ళు పాల్ జార్జ్ అనే పేరుమోసిన ఆటగాణ్ణి లాస్ ఏంజిలస్ క్లిప్పర్స్‌కు ఇచ్చేశారు. బదులుగా ఒకే ఏడాది ఆడిన షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్ అనే కుర్రవాణ్ణి, ముందు ముందు రాబోయే డ్రాఫ్ట్ వరుసలను తీసుకున్నారు. చేతిలో ఉన్నది ఇచ్చి రాబోయేది పుచ్చుకోవడం అన్నమాట. 2020-21లో 72 ఆటల్లో 22 గెలిచారు. మరుసటి ఏడు 82లో 24. అటు తరువాత 40, ఆపైన 57, 2024-25లో 68. చివరికి 2025 జూన్‌లో ఇండియానాను ఏడో ఆటలో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆనాడు తెచ్చుకున్న కుర్రవాడే ఆ ఏడు ఉత్తమ ఆటగాడు.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్నవి రెండు. 2022లో రెండో వరుసలో తీసుకున్న చెట్ హోమ్‌గ్రెన్ కాలి గాయంతో మొదటి ఏడు ఒక్క ఆటా ఆడలేదు. అయినా అతన్ని వదులుకోలేదు. మార్క్ డెగ్నాల్ట్ అనే శిక్షకుడు 2020లో చేరి మొదటి రెండేళ్ళూ ఓటములే చూశాడు. అతన్నీ మార్చలేదు. అంతకుముందు ఆయన అదే సంస్థ కింది జట్టులో కుర్రవాళ్ళకు నేర్పినవాడు. మన భాషలో చెప్పాలంటే ప్రొబేషన్ పూర్తి కానిచ్చారు. ఏడాదికి మూడు బదిలీలు చేస్తే ఏ సెక్షనులో ఫైలు కదులుతుంది చెప్పండి!

వెనుక వరుసలో వచ్చినవాణ్ణీ తీసిపారేయకూడదు. సెర్బియా నుండి వచ్చిన నికోలా యోకిచ్‌ను 2014లో 41వ వాడిగా ఎంచుకున్నారు. అతని పేరు పిలిచే సమయానికి అక్కడి టీవీలో ప్రకటన నడుస్తోంది, చూసినవాళ్ళు కూడా లేరు. అటువంటివాడు మూడుసార్లు ఉత్తమ ఆటగాడై, 2023లో డెన్వర్‌ను గెలిపించాడు. మన దేశం నుండి మొట్టమొదట ఆ జాబితాకెక్కినవాడు పంజాబుకు చెందిన సత్నామ్ సింగ్. 2015లో డల్లాస్ అతన్ని 52వ వాడిగా తీసుకుంది. అతను వాళ్ళ కింది జట్టులో ఆడాడు గాని ఎన్.బి.ఎ. అసలు పోటీల్లో ఒక్క ఆటా ఆడే అవకాశం రాలేదు. పేరు పిలవడం ఆర్డరు చేతికి రావడం వంటిది. సర్వీసు అక్కడి నుండి మొదలవుతుంది.

అమెరికా కథలు మనకెందుకు అంటారేమో. మన తెలుగు జట్టు సంగతే చెబుతాను. బాస్కెట్‌బాల్ కాదు, కబడ్డీ. ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పటి నుండీ ఉన్న తెలుగు టైటాన్స్ 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్ చూసింది. ఆ తరువాత జారుడు బండ ఎక్కింది. 2021-22లో 22 ఆటల్లో ఒక్కటి గెలిచింది, 2022లో రెండు, 2023-24లో మళ్ళీ రెండే. మూడు సీజన్లలో 66 ఆటలు, 5 గెలుపులు. మనవడితో కలిసి టీవీ ముందు కూర్చుని లేచిపోయిన తాతలు ఈ సభలోనే ఉన్నారు.

ఆ మూడింట చివరి సీజనుకు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు. అప్పటికి ఆ పోటీల్లో అంత ధర ఎవరికీ పలకలేదు. అతను చేతనైనంత ఆడాడు. కబడ్డీలో ఏడుగురు బరిలో ఉంటారు. కూతకు వెళ్ళేవాడు ఒక్కడు, వాడు బయటికి పోతే తిరిగి లోపలికి తేవలసింది మిగిలినవాళ్ళు. పట్టేవాళ్ళు లేని జట్టుకు కూతగాడొక్కడు ఏం చేస్తాడు? 2024లో కృష్ణకుమార్ హుడా శిక్షకుడిగా వచ్చాక 22లో 12 గెలిచి, ప్లేఆఫ్స్ గడప దాకా వచ్చి ఆగిపోయారు. 2025 నాటికి పవన్ వేరే జట్టుకు వెళ్ళాడు. విజయ్ మలిక్ నాయకుడిగా అదే టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద, పుణేరీ పల్టన్ చేతిలో ఓడేదాకా వెళ్ళారు. పెద్ద ధర ఆటగాణ్ణి కొన్న ఏడు రాని గెలుపులు జట్టు కుదురుకున్నాక వచ్చాయి. ఇదంతా కుర్రవాళ్ళ వల్లనే జరిగిందని నేననను. వేలం ఉంది, అనుభవజ్ఞులున్నారు. డబ్బు పోసి ఒక్క పేరు కొంటే జట్టు కాదని మాత్రం 66 ఆటలు సాక్ష్యం చెబుతున్నాయి.

ఇక మన ఊళ్ళ సంగతికి వస్తాను. మన పిల్లలు ఓడేది చేతగాక కాదు. పదో తరగతి రాగానే బంతి అటక ఎక్కుతుంది. ఇంటర్మీడియట్ వస్తే హాస్టలు, కోచింగు. కుప్పం నుండి బెంగళూరుకు రైలు ఉంది. పద్దెనిమిది నిండిన కుర్రవాడు పని వెదుక్కుంటూ అది ఎక్కుతాడు. అంటే ఏ జట్టైనా రెండేళ్ళకు ఖాళీ అవుతుంది. ముగ్గురు బయటివాళ్ళను తెస్తే కప్పు వస్తుందేమో గాని, మర్నాడు వాళ్ళు బస్సెక్కి పోతారు. కప్పు బీరువాలో ఉంటుంది, పిల్లలు గట్టు మీదే కూర్చుంటారు. ఏటా కింది నుండి కొత్తవాళ్ళు వస్తుంటేనే జట్టు బతుకుతుంది.

పశువుల పెంపకం తెలిసిన పుంగనూరు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పుంగనూరు పొట్టి ఆవు జాతి ఒకనాడు అంతరించిపోయే స్థితికి వచ్చింది. పలమనేరు పశు పరిశోధనా స్థానం వంటి చోట్ల ఉన్న కొద్దిపాటి ఆవులను కాపాడి, దూడలను పెంచుకుంటూ వచ్చారు గనుక జాతి నిలిచింది. సంత నుండి పెద్ద ఆవును తోలుకొస్తే ఇంటికి పాలు వస్తాయి గాని పుంగనూరు జాతి తిరిగి రాదు.

కనుక శిక్షణకు పెట్టవలసిన డబ్బు శిక్షణకే పెడదాం. వరుస ఎవరిదన్నది మిగిలింది. డ్రాఫ్ట్ పద్ధతిని ఉన్నదున్నట్టు మనం తెచ్చుకోలేం. పుంగనూరు పిల్లవాణ్ణి కుప్పం జట్టుకు రాసిస్తే వాళ్ళమ్మ ఊరుకుంటుందా! పిల్లలను పంచలేం గాని, గురువును పంచగలం. ఆరు వారాల్లో మొదటి మూడు కుప్పానికి, తరువాతి రెండు పుంగనూరుకు, చివరి వారం మదనపల్లెకు ఇద్దామని నా ప్రతిపాదన. కొత్త బంతులూ అదే వరుసలో. వచ్చే ఏడు ఎవరు చివర వస్తే వాళ్ళది ముందు. కావాలని ఓడే జబ్బు రాకుండా ఒక షరతు. పిల్లల హాజరు పట్టీ సరిగా ఉన్న ఊరికే ఆ ముందు వరుస. హాజరు లేనిదే జీతం లేదని మనకు తెలియనిదా?

మదనపల్లె సోదరులకు ఇది రుచించదని తెలుసు. ఎక్కువ చందా ఇచ్చి చివర నిలబడాలా అంటారు. ఉన్న ఊళ్ళు మూడే. కుప్పం విసిగి మానుకుంటే మిగిలేది రెండు, పుంగనూరూ మానుకుంటే మన పిల్లలు తమలో తాము ఆడుకోవాలి. ఎదుటివాడు బలంగా ఉంటేనే మన గెలుపుకు విలువ. ఇది దానం కాదు, మన పిల్లల ఆటకు మనం కట్టుకునే కిస్తీ.

ఖర్చు లేని సంగతి ఒకటి కూడా చెబుతాను. పెద్దల రింగు ఎత్తు 3.05 మీటర్లు. చిన్న పిల్లలకు 2.60 మీటర్ల ఎత్తున, 5వ నంబరు చిన్న బంతితో ఆడించే పద్ధతి ఉంది. ఎనిమిదేళ్ళ పాప చేతికి పెద్ద బంతి ఇచ్చి పై రింగు చూపిస్తే చెయ్యి నొప్పి పుట్టి మర్నాడు రాదు. ప్రతి ఊళ్ళో ఒక రింగు దించి కట్టిద్దాం. ఆడపిల్లలకు వేరే వేళ కేటాయిద్దాం.

చివరిగా మన వంతు. సాయంత్రం ఐదింటికి తీరిక ఉన్నది మనకే. పిల్లల అమ్మా నాన్నా ఇంకా పని మీద ఉంటారు. మనవణ్ణి కోర్టుకు తీసుకుపోయి గట్టు మీద కూర్చుని హాజరు రాయడానికి పెన్షనరు కంటే తగినవాడు ఎవరు? పదో తరగతి వచ్చిందని ఆట పూర్తిగా మాన్పించకుండా రోజుకు అరగంట వదలమని మన కొడుకులకు, కోడళ్ళకు చెప్పగలిగినదీ మనమే. మూడేళ్ళ దాకా ఫలితం అడగవద్దు. ఆ మూడేళ్ళలో మనలో కొందరు ఉండకపోవచ్చు. అయినా నాటవలసిన మొక్కను నాటే తీరాలి.

ఈ ప్రతిపాదనను సభ్యులు చర్చించి, మూడు శాఖల సమ్మతితో తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.