చెప్పిన కథయే మరల చెప్పుట

(వేదాద్రి స్మారకోపన్యాసము)



సోమకాసురుడు అపహరించిన వేదములను శ్రీహరి ఉద్ధరింపగా, అవి ఈ కృష్ణాతీరమున వేదాద్రి యను గిరిరూపమున నిలిచి నరసింహుని సాన్నిధ్యమును పొందినవని స్థలపురాణము. ఆ వేదములను ఒక్క స్వరమైనను చెడకుండ అందించుటకు మన పూర్వులు పద, క్రమ, జటా, ఘన పాఠములను కల్పించిరి. మనుష్యుడు తన దుఃఖమును చెప్పుకొనుటకు మాత్రము అట్టి పాఠమేదియు లేదు. పదియేండ్ల క్రిందట కన్నీటితో చెప్పినదానిని నేడు నిదానముగ చెప్పును. నాడు నోట రాని పేరును నేడు తలచుకొనును. అంతమాత్రమున అతడు మాట మార్చినాడని లోకము నిందించును. ఆ నింద అన్యాయమని నా దృఢవిశ్వాసము.

మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో వెలసిన తిరుపతమ్మ తల్లి గాథను ఈ సీమలో వినని గృహము లేదు. కాకాని వారింట కోడలై అడుగుపెట్టి, అత్తగారి ఆరళ్ళకు గురియై, పెనిమిటి గోపయ్య ఆలమందలతో అడవికి పోగా, వ్యాధిగ్రస్తయై పశువుల కొట్టమున పడియుండి, పాపమాంబ యను స్త్రీ చేతి సేవ తప్ప మరియొక ఆదరణము నెరుగక, తుదకు పెనిమిటి పులివాత పడగా అగ్నిప్రవేశము చేసిన యిల్లాలి కథ యది. 1963లో అది చలనచిత్రముగ కూడ వచ్చినది. కాని తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోవు స్త్రీల నోట వినినపుడే దాని స్వరూపము తెలియును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల అత్త పెట్టిన ఆరళ్ళను ఒక్కటి విడువక చెప్పును. బిడ్డల తల్లి గోపయ్య అడవికి పయనమైన ఘట్టమున ఆగిపోవును. ముదుసలి మాత్రము పాపమాంబ యొద్దనే ఎక్కువసేపు నిలుచును. నేను వినినంతలో, కథ యొకటియే. చెప్పువారి వయస్సును బట్టి దాని గుండెకాయ చోటు మారుచున్నది. ఈ తల్లి ఉత్సవవిగ్రహములను రెండేండ్లకొకమారు జగ్గయ్యపేటకు తోడ్కొనిపోయి రంగులు దిద్దింతురు గదా. రంగు క్రొత్తదైనదని దేవతను వేరొక దేవతయని ఎవ్వరును అనలేదు.

ఇట్టి మార్పునే పరిశీలించిన కేంబ్రిడ్జి పండితుడు బార్ట్లెట్ 1932లో ప్రకటించిన గ్రంథమున, అమెరికా ఆదివాసుల కథ నొకదానిని ఆంగ్లేయులచే చదివించి, దినముల తరువాతను ఏండ్ల తరువాతను మరల చెప్పించి, జ్ఞాపకమన్నది దాచినదానిని తీసి చూపుట కాదు, ప్రతిమారును తిరిగి నిర్మించుకొనుటయని నిరూపించెను. వారికి వింతయైనది చాలవరకు జారిపోయి, ఎరిగినదే ఎక్కువగ నిలిచినది. అయితే అది పరుల కథ. తన కడుపులోని కథ యైనచో వినువాడెవ్వడన్నదియు ప్రధానమగును.

దీనికి 1986లో హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన వారు వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ సాక్ష్యము. 1946 మొదలు 1951 వరకు నడచిన తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీలు, మూడు దశాబ్దములు గడచిన పిమ్మట, సాటి స్త్రీలు ఎదుట కూర్చుండి అడుగగా, సాహసములతోపాటు పసిబిడ్డలను పరుల చేత పెట్టిన బాధను, పోరాటము ముగిసినంతనే ఇంటికి పొమ్మన్న మాట గ్రుచ్చుకొన్న తీరును చెప్పిరి. ఈ మాటలు ఆలస్యముగ వచ్చినవి గనుక తక్కువ సత్యములా? వినువారు దొరకునంతవరకు అవి లోపలనే పక్వమైనవని నేననుకొందును. దుఃఖము తగిలిన నాడు గాయము మాత్రమే కనబడును. దాని కారణమును, ఆ వేళ నీళ్ళందించిన చేతిని చూచుటకు కాలము కావలయును. తొలిమాటలో గాయము నిజము. మలిమాటలో చేయి నిజము.

కావున జగ్గయ్యపేట, నందిగామ కళాశాలల విద్యార్థులకు నా ప్రార్థన యొక్కటి. మీ ఇంటి అవ్వ యొద్ద కూర్చుండి ఆమె కథను ఆమె మాటలలోనే వ్రాసికొనుడు. తేదీని, ఆమె వయస్సును పైన వేయుడు. “పోయినసారి ఇట్లు చెప్పలేదే” అని మధ్యలో అడ్డుపడకుడు. కొన్ని యేండ్ల పిమ్మట మరల అడుగుడు. రెండు ప్రతులను కలిపి ఒక్కటి చేయక, రెంటిని వేర్వేరుగనే భద్రపరచుడు.