పట్నం ఊపిరికి ఒక రూలు, పల్లె ఊపిరికి ఇంకో రూలా?

(నాచారంలో కార్మికులు, కాలనీవాసులతో కలిసి జరుపుకున్న సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతులకు నాచారంలో ఏం పని అని పొద్దున కొందరు అడిగారు. పని ఉంది. మీ ఉప్పల్ పక్క నుంచి పారే మూసీ ఎక్కడికి పోతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం మీదుగా వలిగొండ దాటి, సూర్యాపేట దిక్కు తిరిగి, చివరికి నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మీ డ్రైనేజీ, మీ ఫ్యాక్టరీల నీళ్లు మోసుకొని మా పొలాల మీదుగా పోతుంది. అదే దామరచర్ల మండలంలో, వీర్లపాలెం దగ్గర, యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. ఐదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. అంటే మీ మురికినీళ్లు మా దగ్గరికి వస్తున్నాయి, మా దగ్గర తయారైన కరెంటు మీ దగ్గరికి వస్తోంది. బూడిద మాత్రం అక్కడే ఉంటోంది. మనం చుట్టాలం కాదని ఎట్లా అంటాం?

పట్నానికి బొగ్గు పొగ కొత్త కాదు. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం ఉండేది. ఊరి మధ్యలో పొగగొట్టం. 1980లలో దాన్ని మూశారు, తర్వాత కూల్చేశారు. ఇప్పుడు ఆ దిక్కున జనం తోటల్లో తిరుగుతారు, సినిమాలు చూస్తారు. మంచిదే. కానీ పొగ మాయం కాలేదు మిత్రులారా, చిరునామా మార్చుకుంది. పాల్వంచకు, రామగుండానికి, భూపాలపల్లికి, మణుగూరుకు, జైపూర్‌కు, ఇప్పుడు దామరచర్లకు చేరింది.

ఒక చిన్న లెక్క చెప్తాం. ఒక యూనిట్ కరెంటు తియ్యాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మన దేశం బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. మీ ఇంటికి నెలకు 200 యూనిట్లు కాలిందనుకోండి. అదంతా బొగ్గు కరెంటే అయితే 140 కిలోల బొగ్గు కాలినట్టు. దాంట్లోంచి వచ్చే బూడిద 50 కిలోల దాకా ఉంటుంది. అంటే ఒక సిమెంటు బస్తా. ప్రతి నెలా, ప్రతి ఇంటి పేరు మీద, ఎక్కడో ఒక పల్లె పక్కన ఒక బస్తా బూడిద పడుతోంది. ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచికి లైట్లు వెలిగినప్పుడు ఎన్ని బస్తాలో మీరే లెక్కేసుకోండి.

ఆ బూడిద చెరువు పక్కన బతుకు ఎట్లుంటదో మాలో కొందరికి తెలుసు. ఎండాకాలం గాలి లేస్తే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. పత్తి ఆకు మీద చెయ్యి పెడితే వేళ్లు తెల్లబడతాయి. వంట గిన్నెల మీద మూత తీయాలంటే భయం. చిన్నపిల్లల దగ్గు వానాకాలం దాకా తగ్గదు. డాక్టరు దగ్గరికి పోతే పొగ తాగుతావా అని అడుగుతాడు. బీడీ ముట్టని ఆడమనిషిని కూడా అదే అడుగుతాడు. ఆమె ఏం చెప్పాలి?

కంటికి కనిపించే బూడిద కంటే కనిపించనిది ఇంకా ప్రమాదం. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. గాలిలో ప్రయాణిస్తూ అది సన్నని ధూళిగా మారుతుంది. దాన్నే పీఎం 2.5 అంటున్నారు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయి రక్తంలో కలుస్తుంది. ఆస్తమా ఒక్కటే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా దీనివల్ల పెరుగుతాయి. బూడిదలో ఆర్సెనిక్, పాదరసం లాంటివి ఉంటాయి, అవి ఊట ద్వారా బావుల్లోకి దిగుతాయి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన నల్లగొండకు ఇంకో విషం నీళ్లు తట్టుకునే ఓపిక లేదు.

గ్యాస్‌తో తీస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. గ్యాస్‌కు బూడిద లేదు, గంధకం దాదాపు ఉండదు, నిజమే. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం వస్తాయి. అయినా గ్యాస్ ఏదీ? కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ వస్తుందని నమ్మి ఆంధ్రాలో కేంద్రాలు కట్టారు. గ్యాస్ తగ్గిపోయి ఏళ్ల తరబడి పడావు పడ్డాయి. అందుకే మళ్లీ భారమంతా బొగ్గు మీద, అంటే బొగ్గు పక్కనున్న ఊళ్ల మీద పడింది.

ఇక అసలు విషయానికి వస్తాం. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకు గట్టి రూలు పెట్టింది. పొగలోంచి గంధకం తీసేయాలని చెప్పింది. దానికి ఎఫ్‌జీడీ అనే యంత్రం ఉంది. సున్నపురాయి కలిపిన నీళ్లతో పొగను కడుగుతుంది, చివరికి జిప్సం మిగులుతుంది. రెండేళ్లు గడువిచ్చారు. తర్వాత 2022 అన్నారు. మళ్లీ మళ్లీ పొడిగించారు. చివరికి 2025 జులై 11న ఏం చేశారు? పది లక్షలు దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు 2027 చివరికల్లా తప్పకుండా పెట్టాలన్నారు. బాగా కలుషితమైన ప్రాంతాల దగ్గరున్నవాటికి ఒక్కోదాన్ని చూసి చెప్తామన్నారు. మిగతావాటికి మాఫీ! దేశంలో మూడొంతులకు పైగా యూనిట్లు ఈ మాఫీ కిందికే వచ్చాయి.

తెలంగాణలో పది లక్షలు దాటిన నగరం హైదరాబాద్ ఒక్కటే. దానికి 10 కిలోమీటర్ల లోపు బొగ్గు కేంద్రం ఒక్కటైనా ఉందా? లేదు. అంటే అదే పొగగొట్టం ఈ నాచారంలో ఉంటే పొగను కడగాలి, పల్లెలో ఉంటే కడగక్కర్లేదు. పట్నం ఊపిరికి ఒక రూలు, పల్లె ఊపిరికి ఇంకో రూలా?

మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రం ఖరీదు ఎక్కువ, కరెంటు చార్జీ పెరుగుతుంది అంటున్నారు. గంధకం తక్కువే. కానీ కాలే బొగ్గు ఎంత? ఖర్చు మాట నిజమే. కానీ ఆ ఖర్చు ఇప్పుడు ఎవరు కడుతున్నారు? ఆసుపత్రి బిల్లు రూపంలో మేం కడుతున్నాం. ఇక సున్నపురాయికి నల్లగొండలో కొదవ లేదు, అందుకే గదా అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి!

మేం కరెంటుకు వ్యతిరేకులం కాదు. మా బోర్లు కరెంటుతోనే నడుస్తాయి. రేపే మూసేయమని మేం అనడం లేదు. తీసే కరెంటు మనుషులను తినకుండా తీయమంటున్నాం. యాదాద్రి కేంద్రం సంగతే చూడండి. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని అనుమతిని నిలిపి, మళ్లీ అధ్యయనం చేయమంది. ప్రశ్నిస్తే అడ్డంకులు పెడుతున్నారని నిందిస్తారు. ప్రశ్నించబట్టే ఆ అధ్యయనం జరిగింది.

ఇప్పుడు మీ సంగతి. నాచారంలో గాలిని కొలిచే యంత్రం ఉంది. అంకెలు రోజూ వస్తున్నాయి. పీఎం 2.5కు మన దేశం పెట్టుకున్న ఏడాది హద్దు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. ఈ అంకెలు మీ బస్తీలో ఎంతమందికి తెలుసు? రాత్రి పూట వచ్చే ఘాటు వాసన ఏ గొట్టం నుంచో మీకు ఎవరైనా చెప్పారా? కొలవడం ఒక్కటే సరిపోదు, కొలిచింది జనానికి చెప్పాలి, చెప్పాక చర్య తీసుకోవాలి.

అందుకే మనం కలిసి అడగాల్సినవి నాలుగు. ఒకటి, కేంద్రం మాఫీ ఇచ్చినా సరే, ప్రతి థర్మల్ కేంద్రం పొగను కడగాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి షరతు పెట్టాలి. కేంద్రం కంటే గట్టి షరతు పెట్టే అధికారం మండలికి ఉంది. రెండు, పొగగొట్టం అంకెలు, గాలి అంకెలు తెలుగులో పంచాయతీ బోర్డు మీద, వార్డు ఆఫీసు గోడ మీద రాయాలి. మూడు, బూడిద చెరువుల పక్క ఊళ్లలో, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడ బస్తీల్లో ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష చేసి, కాగితం మనిషి చేతికివ్వాలి. నాలుగు, వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల జరిమానా 2021 నోటిఫికేషన్‌లోనే ఉంది. దాన్ని వసూలు చేసి, నష్టపోయిన ఊళ్లకే ఖర్చు పెట్టాలి.

మీరు మూసీ కోసం అడిగినప్పుడు మేం వస్తాం, ఎందుకంటే ఆ నీళ్లు మా మడిలోకే వస్తాయి. మేం బూడిద కోసం అడిగినప్పుడు మీరు రండి, ఎందుకంటే ఆ కరెంటు మీ ఇంట్లోనే వెలుగుతోంది. ఈ సంతకాల కాగితం బయట బల్ల మీద ఉంది. పోయేటప్పుడు మీ పేరు రాసి పొండి.