యోబు కుమార్తెల స్వాస్థ్యము

కర్నూలు మొదలుకొని కడప వరకు, కె.సి. కాలువ వెంబడి పల్లెలలోను, కాలువ నీళ్లు ఎన్నడూ చూడని మెట్టచేలలోను ఉన్న సహోదరీ సహోదరులారా, ఈ దినము యోబు గ్రంథము 42వ అధ్యాయము 13 నుండి 15 వచనాలు తెరిచి ఉంచుకోండి.

యోబు శ్రమలను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఆయన ఆస్తి పంచిన విధమును గురించి మనము అంతగా మాట్లాడుకోము. శ్రమకాలము గడిచిన తరువాత ఆయనకు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు పుట్టారు. కుమారుల పేర్లు అక్కడ లేవు. కుమార్తెల పేర్లు మాత్రం ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతోపాటు వీరికీ తండ్రి స్వాస్థ్యమిచ్చాడు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలకు భాగము దొరికింది వారికి అన్నదమ్ములు లేనందుచేత. యోబు ఇంట ఏడుగురు మగబిడ్డలున్నారు. అయినా ఇచ్చాడు.

మన ఇళ్లలో ఏమి జరుగుతున్నది? ఆదరణ కూడిక భోజనాలు ముగియకముందే పట్టాదారు పాస్‌పుస్తకం ఎవరి దగ్గర ఉందనే మాట వస్తుంది. ఆస్తి ఎంత? మూడెకరాల శెనక్కాయల చేను, నాపరాళ్ల ఇల్లు. బోరు ఎవరి భాగములో పడుతుందనే దగ్గర అన్నదమ్ములు విడిపోతారు. తరువాత ఒకే గుడిలో ప్రభువు బల్లకు కలిసి రారు. ఆడబిడ్డకు పెళ్లిలో పెట్టింది చాలదా అంటారు. తల్లిని ఎవరూ అడగరు. ఆమె నెలకొక కొడుకు ఇంట తిరుగుతూ ఉంటుంది.

1925 నాటి భారత వారసత్వ చట్టము క్రైస్తవులకు వర్తిస్తుంది. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే మూడవ వంతు భార్యది. మిగిలినది బిడ్డలది, కొడుకుకూ కూతురికీ సమానము. కూతురికి పెళ్లి అయిందా కాలేదా అన్న తేడా లేదు. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతములో ఇలా ఉండేది కాదు. అక్కడి పాత చట్టము కూతురికి కొడుకు భాగములో నాలుగవ వంతో, అయిదు వేల రూపాయలో, ఏది తక్కువైతే అదే ఇచ్చేది. మేరీ రాయ్ గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో ఆ తేడాను తీసివేయించారు. ఆమె పోరాడి తెచ్చుకున్నది మన కూతుళ్లకు ముందునుండే ఉంది. దానిని మనము తెల్లకాగితము మీద సంతకం పెట్టించి తీసుకుంటున్నాము.

చట్టమే పంచుతుంటే వీలునామా ఎందుకంటారా? ముఖ్యముగా మీ భార్య కోసం. రెండు గదుల ఇంటిలో మూడవ వంతు అంటే ఆమె మంచము ఎక్కడ వేసుకుంటుంది? ఆమె బతికినంత కాలము ఇల్లు ఆమె అనుభవములోనే ఉండాలని, ఆ తరువాతనే బిడ్డలకు రావాలని రాయవచ్చు. మానసికంగా ఎదగని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ భాగమును నమ్మకస్థులైన ఇద్దరి చేతిలో ట్రస్టుగా ఉంచి, రాబడి ఆ బిడ్డ పోషణకే వాడాలని కూడా వీలునామాలోనే రాయవచ్చు. మరొకటి. బాప్తిస్మము పొందినా కాగితాలలో వేరే మతము ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అక్కడ ఏ చట్టము వర్తిస్తుందనేదే మొదటి తగాదా. వీలునామా ఉంటే అది చాలావరకు తప్పుతుంది.

స్టాంపు కాగితము అక్కరలేదు. మామూలు కాగితము చాలు. మీరు సంతకమో వేలిముద్రో వేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. సాక్షికి గాని, సాక్షి భార్యకు గాని, భర్తకు గాని రాసిన భాగము చెల్లదు, కాబట్టి కొడుకును సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. రాసిన తరువాత మళ్లీ వివాహము చేసుకుంటే క్రైస్తవుని వీలునామా రద్దవుతుంది. డీకేటీ పట్టా భూమి అయితే దానికి వేరే నియమాలున్నాయి, ముందుగా తహసీల్దారు కార్యాలయములో అడగండి.

వీలునామా ఎందుకు, ఇప్పుడే దానసెటిల్మెంట్ చేసేయమని తొందరపెట్టే కొడుకులు ఉంటారు. వీలునామా మీ తరువాతనే పనిచేస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సెటిల్మెంట్ ఆ రోజే ఆస్తిని మీ చెయ్యి దాటిస్తుంది. రాయక తప్పకపోతే, మిమ్మల్ని పోషించాలనే షరతు అందులో స్పష్టముగా రాయించండి. అప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము కింద ఫిర్యాదు చేయడానికి బలముంటుంది.

మా పాస్టర్లతో ఒక మాట. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మరణానికి కనీసం ఏడాది ముందు రాస్తే తప్ప ధర్మకార్యాలకు ఆస్తి రాయడం చెల్లదనే నియమాన్ని 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు మరణపడక మీద నుండి కూడా సంఘానికి రాయవచ్చు. ఆ పడక దగ్గర ప్రార్థనకు నిలబడేది మనమే. కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది ఎగవేసినవారిని ప్రభువు మార్కు 7లో గద్దించాడు. విధవరాలి ఇంటిని అమ్మి కట్టే ప్రహరీగోడ ఏ సంఘానికీ వద్దు.

అయ్యలారా, మీ పాస్‌పుస్తకం, ఇంటి పత్రాలు ఏ పెట్టెలో ఉన్నాయో మీ భార్యకు తెలుసా? ఈ సాయంకాలమే చూపించండి. రాయడానికి కూర్చున్న రోజున కూతుళ్లను కూడా పిలిపించండి. ప్రార్థించుకుందాము.