కుట్టిన చేతికి లెక్క తెలియాలె
(సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టు సెంటర్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మేము ఎల్లారెడ్డి దిక్కు నుంచి వచ్చినం. మాలో ఎక్కువమందిమి బీడీలు చేసి బతికినోళ్లమే. పొద్దుందాక చాట ముంగట కూసుంటే నడుము పోతది, పొగాకు ఘాటుకు దగ్గు వస్తది. పిల్లలకు ఆ పని వద్దనుకునే మిషన్ పట్టినం. బ్యాంకు లింకేజీ లోన్ కొంత, స్త్రీనిధి కొంత తీసుకుని మిషన్లు కొన్నం. కుట్టుడు ఎట్లనో ఇక్కడ చాలామందికి తెలుసు. అందుకే ఇయ్యాల మేము చేసిన తప్పులు, నేర్చుకున్న లెక్క చెప్తం.

మొదటి తప్పు కొలతలది. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు మన సంఘాలకే ఇచ్చినంక మస్తు సంబురపడ్డం. 2024ల జతకు 50 రూపాయలున్న కుట్టుకూలి 75 చేసినరు. తొందరల తరగతి లెక్కన కొలతలు వేసుకున్నం. ఐదో తరగతి పిల్లలందరూ ఒక్క తీరు ఉంటరా? కొందరికి అంగీ బిర్రయింది, కొందరికి లాగు జారింది. తల్లులు మా ఇండ్లకే వచ్చి అడిగిండ్రు. వాళ్లు కూడా మన సంఘపోళ్లే, ఏమంటం? తెచ్చినవన్నీ కుట్లు విప్పి, పైసా తీసుకోకుండా మళ్ల కుట్టిచ్చినం. ఆ వారం కూలి పోయింది గానీ పేరు నిలబడ్డది. ఇప్పుడు టేపు పట్టుకుని బడికి పోయి, ఒక్కొక్క పిల్లను నిలబెట్టి కొలుస్తున్నం. ఎదిగే పిల్లలని కింద మడతల రెండు వేళ్లంత బట్ట ఎక్కువ వదులుతున్నం.

రెండో తప్పు పైసలు పంచుకునే కాడ జరిగింది. మొదట్ల ఎవరు మిషన్ మీద కుడితే వాళ్లకే పైసలన్నం. కాజాలు తీసి గుండీలు కుట్టే అవ్వకు, ఇస్త్రీ చేసి మడత పెట్టే చెల్లెకు చేతిల ఏమీ పడలే. ఒకనాడు ఆ అవ్వ, "గుండీ లేని అంగీ ఎవడు తొడుగుతడు బిడ్డా?" అని లేచిపోయింది. రెండు రోజులు సెంటర్ నడవలే. ఆ మాట మమ్ముల నిద్రపోనియ్యలే. మూడోనాడు అందరం కూసుని తీర్మానం రాసుకున్నం. జతకు వచ్చే 75ల దారం, కరెంటు, ఆటో కిరాయి, మిషన్ రిపేరుకు 10 రూపాయలు. సెంటర్ నిధికి 5. మిగిలిన 60ల కటింగ్‌కు 8, కుట్టుకు 40, కాజా గుండీలకు 7, ఇస్త్రీ మడతకు 5. ఈ లెక్క గోడకు అంటించినం. చదువు రానోళ్లకు నెలకోసారి గట్టిగ చదివి వినిపిస్తం. అవ్వ మళ్ల వచ్చింది. గుండీ ఊడిందన్న మాట ఇప్పుడు ఏ తల్లి నోటా రాదు.

ఆ 5 రూపాయలు ఎందుకని మాలో కొందరు కొట్లాడిండ్రు. జవాబు 2025 ఆగస్టు ఆఖర్ల దొరికింది. మన కామారెడ్డి జిల్లా మీద పడ్డ కుండపోత వాన మీరందరూ చూసిండ్రు. రోడ్లు తెగినయ్, చేన్లు మునిగినయ్. మిషన్లను బల్లల మీదికెక్కించి కాపాడుకున్నం గానీ కొన్ని రోజులు పని లేదు, కూలి లేదు. లోన్ కిస్తీ మాత్రం ఆగదు గదా. ఆ నిధిల నుంచే కిస్తీలు కట్టినం. ఒక్కరి పేరు కూడా బాకీల పడలే. అప్పుడు కొట్లాడినోళ్లే ఇప్పుడు 5 కాదు, 6 పెడదామంటున్నరు.

ఇంకొక్క మాట. యూనిఫాం పని బడి తెరిచే ముందట ఉంటది, తర్వాత మిషన్ ఖాళీ. ఖాళీ మిషన్‌కు కూడా కిస్తీ ఉంటది. అందుకని మేము జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్, పికో పట్టుకున్నం. బతుకమ్మ, దసరా ముంగట రాత్రి దాక పనే. మిగిలిన ముక్కలతో బట్ట సంచులు కుడుతున్నం. తండాల అక్కలు అద్దాల కుట్టు వేసిస్తే, అవే సంచులకు ఎక్కువ ధర పలుకుతున్నది. ఆ ఎక్కువ పైసలు వాళ్లకే పోవాలని రాసుకున్నం.

దారం రీళ్లు, కాన్వాస్, లైనింగ్ బట్ట కోసం లింగంపేట మీదుగ కామారెడ్డికి పోతం. 2023 డిసెంబర్ నుంచి బస్సుల ఆడోళ్లకు టికెట్ లేకపోయేసరికి ఆ ఖర్చు తప్పింది. అయినా పోయినామె ఒకరోజు పని పోగొట్టుకుంటది. ఆ రోజు కూలి కూడా ఖర్చుల రాస్తం. ఇది చానామంది మరిచిపోతరు. "ఇంట్ల కూసుని కుట్టిన, నాకేం ఖర్చయింది?" అంటరు. అక్కా, నీ కండ్లు, నీ నడుము, నీ పొద్దు ఖర్చు కాదా? దుకాణంల తక్కువకు దొరుకుతదని ఎవరన్న బేరమాడితే మేము ధర దించం. ఒంటికి సరిపోయేటట్టు కుట్టిస్తం, బిగువైతే ఊరికే సరిచేసిస్తం అని చెప్తం. దుకాణపోడు ఆ మాట ఇయ్యలేడు. ఊళ్లె ఉండేది మనమే, రేపు మొఖం చూసేది మనమే.

ఈ సభల మేము అడిగేది రెండే. కుట్టు నడిపే ప్రతి గ్రామ సంఘం తన లెక్క గోడకు అంటించాలె. కొత్తగ నేర్చుకునే చెల్లెండ్లను మా సెంటర్‌కు పంపుండ్రి. కత్తెర పట్టుడు నేర్పుతం, దాంతోపాటు కలం పట్టి లెక్క రాసుడు కూడా నేర్పుతం.