మూర్ఛ జబ్బుకూ పేదరికానికీ ఉన్న చుట్టరికం

(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కరెంటు, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకునే వేదిక మీద జబ్బుల సంగతి ఎందుకని కొందరు అడిగారు. సభ్యత్వం కోసం ఊరూరా తిరిగినప్పుడు, ఫిట్స్ వచ్చే బిడ్డను నలుగురికీ తెలియకుండా దాచుకుంటున్న ఇళ్లు మనకు తగులుతూనే ఉన్నాయి. అందుకే మాట్లాడుకుందాం.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో సుమారు 80 శాతం మంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. ఇక్కడ జనాభా కూడా ఎక్కువే కదా అనవచ్చు. సరే, జనాభాను పక్కనపెట్టి లక్షకు ఎందరో చూద్దాం. ధనిక దేశాల్లో ఏటా లక్ష మందిలో 49 మందికి కొత్తగా మూర్ఛ బయటపడుతుంటే, మనలాంటి దేశాల్లో ఆ సంఖ్య 139 దాకా పోతోంది. దాదాపు మూడు రెట్లు! ఇది రక్తంలో తేడా కాదు, గ్రహచారం అసలే కాదు. కాన్పు వేళ బిడ్డకు ఊపిరి అందకపోవడం, మెదడుకెక్కిన మలేరియా, మెదడువాపు, రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బలు. వీటిలో చాలావరకు ఆపగలిగినవే.

ఇంకో కారణం మన పొలాల్లోనే ఉంది. అది పందుల ద్వారా వచ్చే బద్దెపురుగు. సరిగా ఉడకని పందిమాంసం తింటే ఆ పురుగు పేగుల్లో పెరుగుతుంది. ఆ మనిషి మలంలో దాని గుడ్లు పడతాయి. ఆ గుడ్లు నీళ్ల ద్వారానో, కడగని చేతుల ద్వారానో, మురుగునీరు పారించిన కూరగాయల ద్వారానో ఇంకొకరి కడుపులోకి పోతే, మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెస్తాయి. మాంసం ముట్టనివాళ్లకూ ఇది రావడానికి కారణం అదే. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతం దీనివల్లే. క్యాబేజీలో పుట్టే పురుగు మెదడుకెక్కుతుందని పుకారు లేస్తే నష్టపోయేది రైతే. తప్పు క్యాబేజీది కాదు, మరుగుదొడ్డి లేని ఊరిది, శుద్ధి చేయకుండా మురుగును కాలువలోకి వదిలే పట్టణానిది.

దీన్ని ఆపలేమా? పెరూ దేశం ఉత్తరాన టుంబెస్ ప్రాంతంలో ఆపి చూపించారు. మనుషులకు మాత్రలు, పందులకు మందూ టీకా కలిపి ఇస్తే, 107 పల్లెల్లో 105 చోట్ల వ్యాప్తి ఆగిపోయింది. అక్కడ వైద్యుడూ పశువైద్యుడూ కలిసి పనిచేశారు. మన దగ్గర ఆ రెండు శాఖలూ ఒక బల్ల ముందు కూర్చోవడమే గగనం!

వైద్యం సంగతి మరీ ఘోరం. సరిగా మందులు అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చు. ఫినోబార్బిటాల్ 1912 నుంచి వాడుకలో ఉన్న మందు, చౌక కూడా. అయినా అతి పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదు. మాత్ర ఖరీదు కాదు అడ్డం. నెలనెలా పట్నం పోను బస్సు చార్జీ, పోయే కూలి, మధ్యలో స్టాకు అయిపోవడం. మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా రావచ్చు. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ మందులు ఏడాది పొడవునా దొరకాలని మన డిమాండ్ల పత్రంలో చేరుస్తున్నాం.

పెళ్లి మాట కూడా చెప్పాలి. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. సంబంధాలు మాట్లాడే పెద్దలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

చివరిగా, పొలంలో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏదీ కుక్కకండి. బావి, మోటారు, ట్రాక్టరు దగ్గర నుంచి పక్కకు జరిపి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.