మన జ్వరం, పరాయి దేశం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం జరిపిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగం పాఠం)



ఆహ్వాన పత్రంలో నా పేరు పక్కన 'విదేశీ విద్య - నా అనుభవాలు' అని వేశారు. చదువు గురించి చెప్పడానికి నాకంటే పెద్దవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. నేను జ్వరం గురించి చెబుతాను. నాకు వచ్చిన జ్వరం గురించి, మా చిన్నాన్న కొడుక్కి వచ్చిన జ్వరం గురించి. రెండూ దోమ వల్ల వచ్చినవే. నేను బతికాను, వాడు పోయాడు.

నేను పాడేరు అవతల, ఒక గెడ్డ పక్కన ఉన్న ఊరి పిల్లను. ఆశ్రమ పాఠశాలలో చదివాను. 2022 సెప్టెంబరులో పై చదువుకి ఇంగ్లండు వెళ్ళాను. వెళ్ళే ముందు జూలైలో, వరినాట్ల రోజుల్లో, నాకు చలి జ్వరం వచ్చింది. మా ఊరి ఆశా అక్క వేలు మీద పొడిచి, చుక్క రక్తం కిట్ మీద వేసి, ఇరవై నిమిషాల్లో చెప్పేసింది, వైవాక్స్ మలేరియా అని. మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మింగమంది. క్లోరోక్విన్ మింగాను. జ్వరం పోయింది. ప్రైమాక్విన్ నాలుగు రోజులు మింగేసరికి కడుపులో తిప్పింది. జ్వరమే లేదు కదా, ఇంకెందుకని మిగతా మాత్రలు అటక మీద పెట్టేశాను. వీసా పనులు, విశాఖ ప్రయాణాలు, ఆ హడావిడిలో మాత్రల సంగతి మర్చిపోయాను. ఇది ఎవరి తప్పూ కాదు, నాదే. మనలో ఎంతమంది ఆ పద్నాలుగు రోజులూ పూర్తిగా మింగారో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

2023 ఫిబ్రవరిలో, బయట మంచు పడుతుండగా, నా గదిలో నాకు ఒణుకు మొదలైంది. హీటరు పక్కన రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు కొట్టుకున్నాయి. తర్వాత ఒళ్ళు కాలిపోయింది, తర్వాత చెమటలు పట్టి పరుపు తడిసిపోయింది. మర్నాటికి బాగానే ఉన్నాను. ఆ మర్నాడు మళ్ళీ అదే. కోవిడ్ కిట్‌తో చూసుకుంటే నెగటివ్. అక్కడ నేరుగా ఆస్పత్రికి పోవడం ఉండదు. ముందు మనం పేరు నమోదు చేసుకున్న పేటలోని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి వరసలో నిలబడాలి. నాకు అపాయింట్‌మెంట్ దొరికింది సరిగ్గా జ్వరం లేని రోజున. డాక్టరమ్మ మర్యాదగానే మాట్లాడింది. గొంతు చూసింది, ఊపిరితిత్తులు విన్నది. ఈ చలికాలం అందరికీ ఫ్లూ వస్తోంది, పారాసిటమాల్ వేసుకో, నీళ్ళు బాగా తాగు అంది. ఈ మధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశావా అని అడిగింది. ఈ మధ్య ఎక్కడికీ వెళ్ళలేదు అన్నాను. నిజమే చెప్పాను. అయిదు నెలల కిందట వచ్చాను కదా, అది 'ఈ మధ్య' అనిపించలేదు నాకు. ఆ ఒక్క మాట దగ్గరే ఇద్దరం దారి తప్పాం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మ సంతకం పెట్టడం సాక్షరతా బడిలో నేర్చుకుంది. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "రోజు ఇడిసి రోజు వొత్తందా?" అని. అవునన్నాను. "ముందు చలి, తరవాత ఏడి, ఆ తరవాత సెమటా?" అవునన్నాను. "అయితే అది మన జొరమే కదేటే! అక్కడి డాట్రికి చెప్పు, మాది మన్యం అని చెప్పు."

అక్కడికీ నేను వాదించాను. అమ్మా, ఇక్కడ మంచు పడుతోంది, దోమే లేదు, మలేరియా ఎలా వస్తుంది అన్నాను. చదువుకున్నది నేను, తెలిసింది అమ్మకి. వైవాక్స్ పరాన్నజీవి దోమ కుట్టిన తర్వాత ముందు మన కాలేయంలోకి పోతుంది. అందులో కొన్ని అక్కడే నిద్రపోతాయి. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది గానీ నిద్రపోతున్నవాటి జోలికి పోదు. వాటి మీద పనిచేసేది ప్రైమాక్విన్. నేను అటక మీద పెట్టింది సరిగ్గా దాన్నే. నిద్రపోయినవి వారాల తర్వాతో నెలల తర్వాతో లేస్తాయి. కొత్తగా దోమ కుట్టక్కర్లేదు. నేను ఏడు సముద్రాలు దాటి వెళ్ళాననుకున్నాను గానీ జూలై నాటి మా గెడ్డ దోమను కడుపులో పెట్టుకునే వెళ్ళాను.

మర్నాడు జ్వరం వచ్చినప్పుడే, తెలిసిన అమ్మాయిని తోడు తీసుకుని ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఒక్కటే వాక్యం చెప్పాను. ఇండియాలో మలేరియా ఉండే కొండ ప్రాంతం నుంచి వచ్చాను, నాకు రక్తంలో మలేరియా పరీక్ష ఇవాళే చేయండి. ఆ మాట అన్నాక అంతా మారిపోయింది. గంటలోపు రక్తం తీశారు. సాయంత్రానికి ఒక పెద్ద డాక్టరు వచ్చి, సూక్ష్మదర్శినిలో కనిపించింది, వైవాక్స్ అని చెప్పి, ఇద్దరు కుర్ర డాక్టర్లని కూడా పిలిచి నన్ను చూపించాడు. వాళ్ళకి అది అరుదైన సంగతి. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన జబ్బు అక్కడ పాఠం అయింది. కాస్త నవ్వొచ్చింది, కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఎందుకో.

అక్కడ నాకు కొత్తగా తెలిసింది మరొకటి ఉంది. ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జి6పిడి అనే పరీక్ష చేశారు. ఆ ఎంజైమ్ తక్కువున్న వాళ్ళకి ఈ మందు వేస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్ల టీ రంగులో వస్తుంది. సికిల్ సెల్ లాగే ఈ లోపం కూడా మలేరియా తరతరాలుగా ఉన్న జనాల్లో ఎక్కువ, అందుకే మన ఆదివాసీల్లో దీన్ని పట్టించుకోవాలి. మన ఊళ్ళలో ఈ పరీక్ష చెయ్యకుండానే మాత్రలు ఇస్తారు. అంతమాత్రాన మాత్రలు మానేయమని నేను అనడం లేదు. మూత్రం రంగు మారినా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్ళాలని ఇచ్చేటప్పుడు చెప్పాలి. గర్భిణులకి అసలు ఇవ్వకూడదు. ఇంత మాత్రం చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పట్టింది. బాగుందని వచ్చాక పద్నాలుగు రోజుల మాత్రలు ఇచ్చారు. మన దగ్గర పెద్దవాళ్ళకి రోజుకి 15 మిల్లీగ్రాములు ఇస్తారు, అక్కడ 30 ఇచ్చారు. ఈసారి ఒక్కటి కూడా వదలకుండా మింగాను. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పలేదు. ఈ మాట జూలైలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి. వీసాతోపాటే ఆరోగ్య రుసుము కట్టించుకుంటారు. నేను వెళ్ళినప్పుడు విద్యార్థులకి ఏడాదికి 470 పౌండ్లు, 2024 ఫిబ్రవరి నుంచి 776 చేశారు. తర్వాత ఆస్పత్రిలో నన్నెవరూ పైసా అడగలేదు. ఇంగ్లండులో మలేరియా పరీక్ష, వైద్యం చుట్టపుచూపుగా వెళ్ళిన వాళ్ళకి కూడా ఉచితమే, అంటువ్యాధుల జాబితాలో అది ఉంది. మిగతా జబ్బులకి అలా కాదు. పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కొద్దు.

నయమయ్యాక ఒకరోజు లండన్ వెళ్ళాను. అక్కడ ఉష్ణమండల వ్యాధుల మీద పనిచేసే పెద్ద విద్యాలయం భవనం ఉంది. బాల్కనీలకి బంగారు పూత పూసిన దోమ, ఈగ, గోమారి బొమ్మలు పెట్టారు. మన ఇళ్ళ గుమ్మాలకి మామిడి తోరణాలు కట్టినట్టు వాళ్ళు దోమలు కట్టుకున్నారు! మలేరియా పరాన్నజీవికి కాలేయంలో ఒక దశ ఉంటుందని షార్ట్, గార్న్‌హామ్ అనే ఇద్దరు 1948లో అక్కడే తేల్చారు. దానికి యాభై ఏళ్ళ ముందు, 1897 ఆగస్టు 20న, దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికిందరాబాదులో. హుసేన్ ఖాన్ అనే రోగి తనని కుట్టించుకున్న ఒక్కో దోమకి ఒక్కో అణా పుచ్చుకున్నాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఇంగ్లండులో కూడా ఒకప్పుడు కెంట్, ఎసెక్స్ చిత్తడి నేలల్లో ఈ జ్వరం ఉండేది. ఇది మన కొండలకి రాసిపెట్టిన జబ్బు కాదు అని చెప్పడానికే ఇదంతా. మన్యంలోకి వచ్చిన పటాలాలకి రంప పితూరీ రోజుల్లో జ్వరమే పెద్ద శత్రువు అయిందని గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ జ్వరం మన పిల్లల్ని కూడా వదల్లేదు కదా.

ఇక మా తమ్ముడి సంగతి. 2024 వానాకాలం. వాడికి పంతొమ్మిదేళ్ళు. నేను అప్పటికి చదువు ముగించి విశాఖలో ఉద్యోగంలో ఉన్నాను. జ్వరం వచ్చిన మొదటి రోజే ఆశా అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆ వారం ఆమె దగ్గర కిట్లు అయిపోయాయి, పై నుంచి ఇంకా రాలేదు. స్లైడు మీద రక్తం తీసి పంపింది. రిపోర్టు వచ్చేలోగా సంతలో ఉన్న ఆర్.ఎం.పి. రెండు రోజులు సెలైన్ ఎక్కించి సూదులు వేశాడు. దిసారి దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. చదువుకున్న మనం ఇక్కడ దిసారి మీద తప్పు వేస్తాం, కానీ ఆ ముసలాయన నాడి పట్టుకుని, ఇది నా చేతిది కాదు, ఆస్పత్రికి మోసుకుపొండి అన్నాడు. తొందరపెట్టింది ఆయనొక్కడే. నాలుగో రోజు వాడు మాట తప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు. గెడ్డ పొంగి ఉంది. డోలీ కట్టి పైదారిన తొమ్మిది కిలోమీటర్లు మోశారు. రోడ్డు మీద 108 దొరికింది. అక్కడి నుంచి ఒక ఆస్పత్రి, అక్కడి నుంచి ఇంకో పెద్ద ఆస్పత్రికి రాయడం. ఫాల్సిపారం, మెదడుకి ఎక్కింది అన్నారు. ఘాట్ రోడ్డు దిగుతుండగా పోయాడు.

నాకొచ్చింది వైవాక్స్, వాడికొచ్చింది ఫాల్సిపారం. రెండోది నిద్రపోదు, నెలలు ఆగదు, రోజుల్లో చంపుతుంది. మొదటి రోజే మూడు రోజుల మాత్రల పట్టీ చేతిలో పడి ఉంటే వాడు ఇవాళ ఈ సభలో ఉండేవాడు. పరాయి దేశంలో యంత్రాలు, మందులు అన్నీ ఉన్నాయి, నా జబ్బు పేరు మాత్రం వాళ్ళకి తట్టలేదు. మా ఊళ్ళో జబ్బు పేరు అందరికీ తెలుసు, కిట్ మాత్రం లేదు. అక్కడ వైద్యం గొప్పది, ఇక్కడిది పనికిరాదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా జూలై జ్వరాన్ని ఇరవై నిమిషాల్లో పట్టుకుంది ఇక్కడే. కిట్ ఉన్నరోజు మా ఆశా అక్కకి మించిన డాక్టరు లేదు.

బయటికి వెళ్ళే పిల్లలకి రెండు మాటలు. కొన్నేళ్ళు బయట ఉంటే, చిన్నప్పటి నుంచి జ్వరాలు పడి ఒంట్లో వచ్చిన కాస్త ఓపిక తగ్గిపోతుంది. మన ఊరే కదా అని దోమతెర లేకుండా పడుకోకండి. అక్కడ పుట్టిన మన పిల్లలకి అసలు ఆ ఓపికే ఉండదు. బ్రిటన్ వాళ్ళ ప్రయాణికుల మలేరియా మార్గదర్శకాల్లో మన తూర్పు గోదావరి, విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు విడిగా రాసి ఉండటం నేను చూశాను. అందుకే పండక్కి ఇంటికొచ్చే ముందు అక్కడి డాక్టరుతో నివారణ మాత్రల గురించి మాట్లాడండి. తిరిగి వెళ్ళాక ఏడాదిలోపు ఏ జ్వరం వచ్చినా ఈ ఊరి పేరు చెప్పండి. ఒకసారి నెగటివ్ వస్తే ఆగొద్దు, ఒకటి రెండు రోజుల్లో మూడుసార్లు చూడమనండి. మలేరియా కాదని తేలాక కూడా జ్వరం తగ్గకపోతే ఒళ్ళంతా వెతుక్కోండి. చంకలోనో నడుము దగ్గరో నల్లటి చెక్కు కనిపిస్తే అది పొదల్లో నల్లిలాంటి చిన్న పురుగు కుట్టిన స్క్రబ్ టైఫస్ కావచ్చు, డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, చూపించుకోండి.

నేను కౌంటర్ దగ్గర చెప్పిన ఆ ఇంగ్లీషు వాక్యం మీ ఫోన్లలో రాసుకోండి. 'ఐ కమ్ ఫ్రమ్ ఎ మలేరియా ఏరియా ఇన్ ఇండియా. ప్లీజ్ టెస్ట్ మై బ్లడ్ ఫర్ మలేరియా టుడే.' టుడే అన్న మాట మర్చిపోకండి.

సంఘం పెద్దలకి ఒక విన్నపం. జూన్‌లోపు ప్రతి పంచాయతీలో ఆశా అక్కల సంచి తెరిపించి, కిట్లు ఎన్ని, మాత్రల పట్టీలు ఎన్ని అని మనమే లెక్క రాసుకుందాం. తక్కువుంటే ఆ కాగితం పట్టుకుని ఐటీడీఏకి వెళ్దాం. మా ఊరి లెక్క నేను ఈ ఏడాది మే నెలలో రాశాను. ఇరవై కిట్లున్నాయి. మా చిన్నాన్న నా పక్కనే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాడు.